పెరటి నూతికి 24 వోల్టుల మోటారు చాలు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైన దగ్గర నుంచి మీ పత్రిక జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త ఒకటి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మోటారు స్విచ్ వేయబోయి ఒకరు, నూతిలోంచి పంపును పైకి లాగబోయి మరొకరు, తడి చప్టా మీద నిలబడి ఇనుప గొట్టం పట్టుకుని ఇంకొకరు విద్యుదాఘాతంతో మరణించారని అందులో ఉంటుంది. పొలాల్లో జరిగే ఇటువంటి ప్రమాదాల మీద అప్పుడప్పుడు చర్చ జరుగుతుంది గానీ, ఇంటి పెరట్లోని నూతి దగ్గర జరిగేవి ఆ కుటుంబం దుఃఖంగానే మిగిలిపోతున్నాయి. ఈ రెండో రకం ప్రమాదాలకు చాలావరకు ఆస్కారమే లేకుండా చేసే పద్ధతి ఒకటుంది. దానిని మా ఇంట్లో 2019 నుంచి వాడుతున్నాము. అందులోని మంచినీ, పడిన ఇబ్బందులనూ పాఠకులకు చెప్పవలసిన బాధ్యత ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక మాటకు అర్థం చెప్పుకోవాలి. "లో వోల్టేజీ" అనగానే మన ఊళ్లలో గుర్తుకు వచ్చేది సాయంత్రం ఏడింటికి బల్బు ఎర్రబడడం, ఫ్యాను ఈడ్చుకుంటూ తిరగడం, మోటారు మూలిగి ఆగిపోవడం. 1956 నాటి భారత విద్యుత్ నియమావళి ప్రకారమైతే 250 వోల్టులకు మించనిదంతా లో వోల్టేజీయే, అంటే మన ఇళ్లకు వచ్చే 230 వోల్టులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. నేను చెప్పబోయేది ఈ రెండూ కాదు. లారీ బ్యాటరీలలో ఉండేటటువంటి 24 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే) కరెంటుతో, ఇంటి సర్వీసు వైరుతో ఏ సంబంధమూ లేకుండా, సౌర ప్యానెళ్లు నింపే బ్యాటరీల మీద నడిచే, నీటిలో మునిగి ఉండే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు గురించి చెబుతున్నాను.

మాది విజయనగరం జిల్లా భోగాపురం మండలంలో సముద్రానికి దగ్గరలో ఉన్న ఊరు. మా నుయ్యి తాతగారు తవ్వించినది, సిమెంటు వరలు దింపించింది నాన్నగారు. లోతు పది మీటర్లు. శ్రావణంలో మూడు మీటర్ల లోతులోనే నీళ్లు కనిపిస్తాయి, మే నెల చివరికి ఏడు మీటర్లకు దిగుతాయి. మా అమ్మ అరవై ఏళ్లు వచ్చేవరకు చేద వేసి నీళ్లు తోడింది. 2006లో అర హెచ్‌పీ మోటారు దింపించాము. ఆ సంతోషంలో గిలక తీసేశాము, గిలక వేలాడిన ఇనుప స్తంభాలు కోయించి పాత ఇనుముకు అమ్మేశాము, నూతి మీద రాతి పలకలు పరిపించాము. వీధిలో పదకొండు నూతులుంటే తొమ్మిదింటి పరిస్థితి ఇదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఆ తప్పు ఎంతటిదో మాకు తెలిసింది. స్తంభాలు పడిపోయాయి, ట్రాన్స్‌ఫార్మర్లు నేలకూలాయి, మా ఊరికి పదకొండు రోజులు కరెంటు రాలేదు. కాళ్ల కింద ఎనిమిది అడుగుల్లో నిండుగా నీళ్లున్నాయి, వాటిని పైకి తెచ్చే సాధనం లేదు. గిలక మిగిలిన రెండు నూతుల దగ్గర తెల్లవారుజాము నుంచి బిందెలతో బారులు తీరాము. పాలిచ్చే గేదెకు కుడితి కలపడానికి నీళ్లు లేక ఒక ముసలావిడ ఏడవడం నా కళ్లతో చూశాను. ఆ పదకొండు రోజులలో తుపాను మర్నాటి నుంచే ఆకాశం విప్పి ఎండ బాగా కాసింది. ఆ ఎండతోనే నీళ్లు తోడుకోవచ్చునన్న ఆలోచన భౌతికశాస్త్రం బోధించే నాకు సైతం అప్పుడు రాలేదు.

వచ్చేలా చేసింది మరో సంఘటన. 2018 ఆషాఢంలో మా మరదలు పెరట్లో అంట్లు తోముతూ, తడి చేత్తో నూతి గట్టు మీది పైపును పక్కకు జరిపింది. మోటారు కేబులు వర అంచుకు ఏళ్ల తరబడి ఒరుసుకుని లోపలి రాగి తీగ బయటపడి ఉంది, ఆ తీగ పైపు బిగించిన ఇనుప క్లాంపుకు తగులుతూ ఉంది. ఆమె వెనక్కి విసిరినట్లు పడింది కాబట్టి బతికింది. ఆ పైపును పిడికిలితో గట్టిగా పట్టుకుని ఉంటే చేతి కండరాలు బిగుసుకుపోయి వదిలించుకోలేకపోయేది. తరువాత చూస్తే ఎర్తు గుంతలోని మట్టి ఎండి బీటలు వారి ఉంది. లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరాను తెంపే ఆర్‌సీసీబీ మా మీటరు బోర్డులో లేదు. వాటిని అమర్చమని మోటారు బిగించిన వారు చెప్పలేదు, పాతికేళ్లు పాఠం చెప్పిన నేనూ అడగలేదు.

తడిసిన చర్మంతో, ఒట్టి కాళ్లతో ఉన్న మనిషి శరీరం కరెంటుకు ఇచ్చే నిరోధాన్ని సుమారు వెయ్యి ఓములుగా లెక్క వేస్తారు. 230 వోల్టులు తగిలితే దానిలో 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. మన ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొద్దిసేపు సాగితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది కాబట్టే ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీలను 30 మిల్లీ ఆంపియర్లకు తెగిపోయేలా తయారు చేస్తారు. అదే మనిషికి 24 వోల్టులు తగిలితే ప్రవహించేది 24 మిల్లీ ఆంపియర్లు. పైగా అది డీసీ, గుండె మీద దాని ప్రభావం అంతే పరిమాణంలో ఉన్న ఏసీ కంటే తక్కువ. ఈత కొలనులో మనుషులు మునిగి ఉండే చోట అమర్చే దీపాలకు అంతర్జాతీయ ప్రమాణాలు అనుమతించే హద్దు 30 వోల్టుల డీసీ. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపితే, అవి పూర్తిగా ఛార్జి అవుతున్న సమయంలో కూడా మొత్తం 28.8 వోల్టుల దగ్గరే ఉంటుంది. అందుకే 36 గానీ 48 గానీ కాకుండా 24ను ఎంచుకున్నాను.

ఇంత చిన్న కరెంటుతో నీళ్లు పైకి వస్తాయా అని ఊళ్లో అందరూ అడిగారు. పదో తరగతి పిల్లలతో నల్లబల్ల మీద చేయించే లెక్కే దీనికి జవాబు. మా నూతిలో వేసవి నీటి మట్టం నుంచి డాబా మీది ట్యాంకు వరకు, గొట్టంలోని రాపిడిని కూడా కలుపుకుంటే, ఎత్తు సుమారు 13 మీటర్లు. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి 35 వాట్ అవర్లు మాత్రమే. చిన్న పంపులు తీసుకున్న కరెంటులో మూడో వంతునే నీటికి అందిస్తాయనుకున్నా 106 వాట్ అవర్లు సరిపోతాయి. పాతకాలపు 75 వాట్ల సీలింగు ఫ్యాను గంటన్నర తిరిగితే అయ్యే ఖర్చు కంటే ఇది తక్కువ. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్క కట్టింది. ఆ లెక్కన అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు, పశువులకు, మొక్కలకు మరో 250 వేసుకున్నా అరగంట పని. మా పంపు 120 వాట్లది, నిమిషానికి పద్దెనిమిది లీటర్లు పోస్తుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండడానికి గంట పడుతుంది. అర హెచ్‌పీ మోటారు ఇంతకంటే త్వరగా నింపేది, నిజమే. కానీ ట్యాంకు నిండడానికి గంట పట్టినందువల్ల మా ఇంట్లో ఆగిపోయిన పని ఏదీ లేదు.

నెమ్మదిగా తోడడం మా వంటి సముద్రతీరపు ఊళ్లకు మరో విధంగానూ మేలు చేస్తుంది. ఇక్కడ ఇసుక నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన మంచినీటి మట్టం ఒక మీటరు ఉంటే, దాని కింద సుమారు నలభై మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుందన్నది నూరేళ్లకు పైగా ఇంజనీర్లు వాడుతున్న సూత్రం. దీని రెండో ముఖం భయపెట్టేది. పెద్ద మోటారుతో ఒక్కసారిగా లాగి నూతి మట్టాన్ని కొద్దిగా పడగొట్టి అలాగే ఉంచితే, అడుగున ఉన్న ఉప్పునీరు దానికి ఎన్నో రెట్లు పైకి ఎగబాకే వీలుంటుంది. పక్క వీధిలో ఒక నుయ్యి మోటారు దింపిన మూడేళ్లకు ఉప్పెక్కింది, దానికి ఇదే కారణమని నా అనుమానం. ఊట ఎంత వేగంగా వస్తుందో అంతకు మించకుండా తోడే పంపు నూతికి మేలు చేస్తుంది.

ఇక అమర్చిన తీరు. వోల్టేజీ తక్కువ కాబట్టి ఎలా బిగించినా ఫరవాలేదనుకుని నేను మొదట పొరపాటు చేశాను. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో పంపును కలిపాను. బ్యాటరీ ఉన్న వెనుక వసారా నుంచి పంపు దాకా 22 మీటర్లు, పోనూ రానూ 44 మీటర్ల రాగి తీగ. పంపు తీసుకునే 5 ఆంపియర్లకు అందులోనే రెండున్నర వోల్టులకు పైగా ఆవిరైపోయాయి, నీటి ధార సన్నగిల్లింది. 230 వోల్టులలో రెండున్నర పోతే ఎవరికీ తెలియదు గానీ 24లో పోతే పదో వంతు పోయినట్టు. దీనినే 12 వోల్టులతో నడిపితే కరెంటు రెట్టింపై 10 ఆంపియర్లు అవుతుంది, అప్పుడు అదే వైరులో అయిదు వోల్టులు పోయి పంపు తిరగనే తిరగదు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు మార్చాక నష్టం ఒక వోల్టు దగ్గరకు తగ్గింది. నూతి దూరం ఎక్కువైన కొద్దీ వైరు లావు పెంచుకోవలసిందే. దుకాణంలో పంపు ధర అడిగేవారు వైరు ధర కూడా అప్పుడే అడగడం మంచిది.

పంపును దాని కేబులుతో వేలాడదీయకూడదు. మా పంపు ఎనిమిది మిల్లీమీటర్ల నైలాను తాడు మీద, అడుగున ఉన్న బురదకు రెండడుగుల పైన వేలాడుతుంది. తాడు కొసను గట్టు మీది ఇనుప కొక్కేనికి ముడి వేశాము. నీటిలో మునిగే భాగంలో వైరుకు ఎక్కడా అతుకు లేదు. వర అంచు మీదుగా కేబులు దిగే చోట పాత నల్ల పైపు ముక్కను తొడుగుగా వేశాము, మా మరదలి విషయంలో జరిగింది ఇక్కడే కాబట్టి ఆ తొడుగును నెలకోసారి చేత్తో తడిమి చూస్తాను. నీరు పంపు కన్నా కిందికి పోతే కరెంటు తెగిపోవడానికి తేలే స్విచ్ ఒకటి ఉంది. నీరు లేకుండా పది నిమిషాలు తిరిగితే ఈ చిన్న పంపులు మళ్లీ పనికి రావు.

తక్కువ వోల్టేజీ మనిషికి భయం లేనిది కావచ్చు గానీ నిప్పుకు భయం లేనిది కాదు. బ్యాటరీ రెండు కొసలు ఇనుప ముక్కతో కలిసిపోతే వందల ఆంపియర్లు ప్రవహించి వైరు ఎర్రగా కాలిపోతుంది. కాబట్టి బ్యాటరీ ప్లస్ కొస నుంచి జానెడు దూరంలోనే 10 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి, పంపు దగ్గర పెట్టిన ఫ్యూజు వైరును కాపాడదు. స్విచ్ కూడా డీసీకి తయారైనదే కావాలి. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నా మీదుగా పోతుంది కనుక స్విచ్ తీయగానే లోపలి నిప్పురవ్వ చల్లారుతుంది. డీసీలో ఆ విరామం లేదు, ఇంటి గోడ మీది మామూలు స్విచ్‌లో ఆ రవ్వ నిలిచిపోయి స్విచ్‌నే కాలుస్తుంది. సీసపు బ్యాటరీలు ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది, వాటిని మూసిన అలమరలో గానీ దేవుడి గదిలో గానీ పెట్టరాదు.

సౌర ప్యానెళ్లకూ బ్యాటరీలకూ మధ్య, ఛార్జిని అదుపులో ఉంచే ఛార్జి కంట్రోలరు తప్పనిసరి. 24 వోల్టుల బ్యాటరీలను నింపే ప్యానెల్ జత, ఎండలో ఏ భారమూ లేనప్పుడు, నలభై వోల్టులు దాటి చూపిస్తుంది. ఆ తీగలు పైకప్పు మీదనే ఉండాలి, నూతి వైపు పోకూడదు. కొందరు ఖర్చు తగ్గుతుందని ఇంటి కరెంటుతో నడిచే చౌక ఛార్జరును బ్యాటరీకి తగిలిస్తున్నారు. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మరు నాసిరకమైనదై ఇంటి కరెంటు వైపు చుట్టకూ (ప్రైమరీ) బ్యాటరీ వైపు చుట్టకూ (సెకండరీ) మధ్య ఇన్సులేషన్ పోతే, 24 వోల్టులే అనుకున్న నూతి తీగలోకి 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి. ఇంటి కరెంటుతో ఛార్జి చేయక తప్పని వారు మంచి ఐసోలేషన్ ఉన్న ఛార్జరునే కొని, ఛార్జి అవుతున్నంతసేపు పంపు తీగలను బ్యాటరీ నుంచి విప్పి ఉంచాలి.

ఖర్చులో దాదాపు సగం బ్యాటరీలకే అయింది, కొన్నేళ్లకు వాటిని మార్చవలసి వస్తుంది కూడా. నూతి దగ్గర మనుషులు మసలని చోట, బ్యాటరీ లేకుండా ప్యానెల్‌తోనే నేరుగా నడిచే పంపులూ ఉన్నాయి. అక్కడ ట్యాంకే బ్యాటరీ, ఎండ కాసినప్పుడు నీళ్లు నింపి రాత్రికి వాడుకోవడమే. బ్రష్షులున్న మోటారైతే బ్రష్షులు అరుగుతాయి, మా మొదటి పంపు అలాగే రెండో ఏట ఆగిపోయింది. ఇప్పుడున్నది బ్రష్షులు లేని రకం, ధర ఎక్కువైనా అదే కొనమని నా సలహా. చేద వేసి తోడుకునే నూతికి ఇది సరిపోతుంది గానీ, వందల అడుగుల బోరుకూ, ఎకరాల తడికీ ఇది సాధనం కాదు.

పంపు దింపడానికి, తీయడానికి ఎవరూ నూతిలోకి దిగవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. ఏళ్ల తరబడి పలకలు కప్పిన నూతిలో ప్రాణవాయువు తగ్గి కార్బన్ డయాక్సైడ్ నిలిచి ఉంటుంది, దిగినవారు సొమ్మసిల్లితే వారిని తీయడానికి దిగినవారూ మరణించిన సందర్భాలు ప్రతి వేసవిలో పూడికతీత సమయంలో వింటూనే ఉన్నాము. ఈ చిన్న పంపు బరువు ఒక నిండు చేద బరువు కంటే తక్కువ. గట్టు మీద నిలబడి తాడు పట్టి లాగితే వస్తుంది, ఇనుప గొట్టాల పెద్ద మోటారుకు లేని వెసులుబాటు అది.

ఇక ప్రభుత్వాన్ని కోరవలసినవి ఉన్నాయి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం 7.5 హెచ్‌పీ వరకు సౌర వ్యవసాయ పంపుసెట్లకు సహాయం చేసేందుకు వచ్చింది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం ఇంటి కప్పు మీద ప్యానెళ్లకు సహాయం చేస్తోంది. రెండూ మంచివే. అయితే పెరటి నూతికి కావలసిన నూరు, నూటయాభై వాట్ల పంపు మొదటి దానికి మరీ చిన్నది, రెండో దాని ఉద్దేశంలో అది లేదు. పైగా సూర్యఘర్ కింద అమర్చే, ప్యానెళ్ల కరెంటును లైనుకు కలిపే మామూలు గ్రిడ్ ఇన్వర్టరు, లైను మీద కరెంటు లేనప్పుడు లైన్‌మన్ భద్రత కోసం తనంతట తానే ఆగిపోతుంది. అంటే తుపాను మర్నాడు నెత్తిన ప్యానెళ్లుండీ నీళ్లు రావు. తీర ప్రాంతపు జిల్లాలలో కనీసం వీధికొక నూతికి, ఊళ్లోని బడి నూతికి, గ్రిడ్‌తో సంబంధం లేని ఇటువంటి చిన్న పంపును విపత్తు సన్నాహాలలో భాగంగా అమర్చాలని కోరుతున్నాను. ఐటీఐలలో ఎలక్ట్రీషియన్ శిక్షణ పొందే పిల్లలతో ఒక్కొక్క బ్యాచి చేత ఒక నూతికి ఈ పని చేయిస్తే, వోల్టేజీ నష్టం గురించి పుస్తకంలో చదివినది చేతికి వస్తుంది, ఊరికి పంపూ వస్తుంది.

230 వోల్టుల మోటారు ఇప్పటికే ఉన్నవారు దానిని రేపే పీకేయాలని నేను అనడం లేదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి, దాని మీద ఉండే టెస్ట్ బొత్తాన్ని నెలకోసారి నొక్కి చూడాలి, ఎర్తు గుంతలో వేసవిలో నీళ్లు పోయాలి, కేబులు వర అంచుకు తగిలే చోటును చూసుకోవాలి. గ్రామ సచివాలయాలలో 2019లో విద్యుత్ పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్లను నియమించారు. జూన్ నెలలో వారి చేత ఊళ్లోని ప్రతి పెరటి నూతి మోటారుకూ ఎర్తు, లీకేజీ పరీక్షలు చేయిస్తే ఆ నాలుగు వాక్యాల వార్తలు తగ్గుతాయి. జిల్లా యంత్రాంగం ఈ విషయాన్ని పరిశీలించే విధంగా మీ పత్రిక చొరవ తీసుకోవాలని ప్రార్థన.

మా నూతి మీద పలకలు తీసేసి ఇనుప జాలీ మూత వేయించాము. కొత్త స్తంభాలు పాతించి గిలక తిరిగి బిగించాము. పంపు ఉన్నా చేద, తాడు వసారాలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఈ అక్టోబరుకు ముందే తాడు కొత్తది కొనాలి.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
భోగాపురం మండలం, విజయనగరం జిల్లా.